మోటారు బాబాయికి పదిహేనేళ్ళు

మా ఆస్పత్రి వాచ్‌మన్‌ని అందరూ మోటారు బాబాయ్ అంటారు. పేరు విని ఏదో యంత్రాల పని తెలిసినవాడనుకునేరు. ఆయనకు తెలిసిన యంత్రం ఒక్కటే, వెనక మెట్ల కింద ఉండే నీళ్ళ మోటారు. దాని గురించి తెలిసింది కూడా ఒక్కటే, పచ్చ మీట నొక్కితే తిరుగుతుంది, ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. ఆ పేరు ఆయన పనితనం వల్ల రాలేదు, సిగ్గు వల్ల వచ్చింది.

మనిషి చూస్తే ఆరడుగులు. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా వెన్ను వంగలేదు. గేటు దగ్గర నిలబడి "చీటీ ఏది?" అన్నాడంటే వీధి చివర ఇస్త్రీ చేసుకునేవాడు కూడా జేబు తడుముకోవాల్సిందే. రూలంటే ఆయనకు ప్రాణం. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మని మొదటి రోజు చీటీ లేదని ఆపేశాడు. ఆవిడ పాపం, "నేనే డాక్టర్నయ్యా" అంటే, "అయితే మాత్రం? చీటీ రాయించుకుని రండమ్మా" అన్నాడు. ఆవిడ లైన్లో నిలబడి, తన పేరు మీదే తన గదికి చీటీ రాయించుకుని లోపలికి వచ్చింది. ఇది నేను కళ్ళారా చూశాను.

నేనెవరినంటే, ఇదే ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. అందరికీ సిస్టరమ్మని. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మా కోడలికి ఉపదేశాలు చెయ్యడం తప్ప వేరే పని దొరకలేదు. రెండు నెలలు భరించి, మా కోడలే వెతికి వెతికి నాకో ఉద్యోగం చూసిపెట్టింది. జీతం లేని ఉద్యోగం. ఆస్పత్రి పై అంతస్తులో కొందరు పిల్లలు ఒక పత్రిక నడుపుతున్నారు, వాళ్ళకో పెద్ద దిక్కు కావాలట. వెళ్ళాను. పిల్లలందరూ పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపువాళ్ళు. నెలకో ఎనిమిది పేజీలు. పేరు "అడిగితే తప్పేంటి".

అందులో ఏముంటుందంటే, ఆ వయసు పిల్లలు అడగాలనుకునేవీ, పెద్దవాళ్ళు గుటకలు మింగేవీ అన్నీ ఉంటాయి. ఒంట్లో మార్పులు, నెలసరి, శుభ్రత, సుఖవ్యాధులు, ఇష్టం లేనప్పుడు వద్దని ఎలా చెప్పాలి, ఎవరైనా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ విషయాల్లో అడిగితే అమ్మ పెట్టకపోగా వీపున రెండు తగిలిస్తుంది. అందుకని పిల్లలే పిల్లలకు రాసుకుంటున్నారు. పుస్తకాలు చదివి, డాక్టర్లని అడిగి రాస్తారు. తప్పులుంటే నేను చూసి సంతకం పెడతాను. నా సంతకం లేకుండా ఒక్క ముక్క ప్రెస్సుకి వెళ్ళదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను తప్పించుకోకుండా ఉండాలని.

వెళ్ళిన నెలలోనే నేనొక రూలు పెట్టాను. ఎవరు ఏం రాసినా ఇంట్లో ఒక పెద్దవాళ్ళకు పైకి చదివి వినిపించాలి, విన్నట్టు వాళ్ళ చేత సంతకం చేయించుకురావాలి. పెద్దవాళ్ళ ముందు తలెత్తి చదవలేని మాట పిల్లల చేతికి ఇవ్వకూడదని నా వాదన. మర్నాటికల్లా అందరూ సంతకాలు తెచ్చేశారు. ఎంత బంగారు కుటుంబాలో అని మురిసిపోబోయి, అద్దాలు పెట్టుకుని చూశాను. పదకొండు మంది తల్లులూ తండ్రులూ ఒకే ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

"ఎవరిదర్రా ఈ పెన్ను?" అన్నాను.

అందరూ లాయరు వైపు చూశారు. లాయరంటే మా పత్రికలో ప్రశ్నలకు జవాబులు రాసే పిల్ల. పదిహేడేళ్ళు. కామా ఎందుకు తీసేశారని నాతో ముప్పావుగంట వాదించి కామా తిరిగి పెట్టించుకున్న ఘనురాలు. అది ఏమాత్రం తొణక్కుండా, "సిస్టరమ్మా, మీరే చెప్పండి. మీకు పదిహేడేళ్ళప్పుడు మీ నాన్నగారి ముందు సుఖవ్యాధుల వ్యాసం చదివి సంతకం తీసుకోగలిగేవారా?" అంది. మా నాన్నగారిని తలుచుకుని నోరు మూసుకున్నాను.

అయినా నా రూలు నేను వదల్లేదు. ఇంటి పెద్దలు దొరక్కపోతే అద్దె పెద్దని పెట్టుకుందామన్నాను. శనివారం నాలుగింటికి గేటు మూసేశాక ఖాళీగా ఉండే పెద్దమనిషి ఆ ఆవరణ మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. టీ, నాలుగు బిస్కెట్లు ఇస్తామని చెప్పి వాచ్‌మన్ బాబాయిని పైకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. ఏం వినాలో చెప్పలేదు. అది మా తప్పే.

లాయరు నెలసరి వ్యాసం తీసి చదవడం మొదలెట్టింది. రెండో వాక్యానికి బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. మూడో వాక్యానికి లేచి నిలబడ్డాడు. "మోటారు వేసొచ్చానమ్మా, ట్యాంకు నిండిపోతుంది, ఆపేసొస్తాను" అని మెట్లు దిగిపోయాడు. ఇరవై నిమిషాలకు వచ్చి కూర్చున్నాడు. ఇంకో పేరా చదవగానే, "ఆపానో లేదో" అని మళ్ళీ దిగిపోయాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ కరెంటే లేదు.

మా పిల్లల్లో కిసుక్కు అనేవాడు పడీపడీ నవ్వాడు. వాడికి ఆ పేరు అందుకే వచ్చింది. పదిహేనేళ్ళవాడు, బొమ్మలు బాగా వేస్తాడు గానీ, గర్భాశయం బొమ్మ గీస్తూ కూడా కిసుక్కుమంటాడు. ఆ రోజు నుంచి బాబాయి మోటారు బాబాయి అయ్యాడు, మోటారేమో మా పత్రికకు కొలత అయింది. గొంతు మారడం గురించిన వ్యాసం అర మోటారు, అంటే లేచాడు గానీ గుమ్మం దాటలేదు. శుభ్రత మీద వ్యాసం ఒక మోటారు. సుఖవ్యాధులు మూడు మోటార్లు, ఆ శనివారం బాబాయి బిస్కెట్లు కూడా మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. కిసుక్కు నోటుపుస్తకంలో గళ్ళు గీసి ఒక్కో వ్యాసం పక్కన అంకె వేసేవాడు.

నవ్వులాటే అనుకున్నాం గానీ అందులోనే మాకు రాత వచ్చింది. దీన్ని కనిపెట్టింది లాయరు. రాసినవాళ్ళు సిగ్గుపడి డొంకతిరుగుడుగా రాసినచోటే బాబాయి లేస్తున్నాడట. "ఆ భాగం", "ఆ విషయం", "అదీ ఇదీ" అని రాస్తే ఆయన మెట్ల దగ్గరుంటాడు. ఉన్న మాట ఉన్నట్టు, కాలికి దెబ్బ తగిలితే ఎలా చెబుతామో అలా చెబితే కూర్చుంటాడు. చెవులు ఎర్రబడతాయి, కానీ కూర్చుంటాడు. అలా ఒక్కో వ్యాసం మూడుసార్లు తిరగరాసి, రెండు మోటార్ల నుంచి ఒకటికి, ఒకటి నుంచి అరకి తెచ్చేవాళ్ళు. సున్నా మోటార్ల వ్యాసం మాత్రం ఎవరికీ దక్కలేదు. ఒకసారి బాగుందా బాబాయ్ అని అడిగితే, "బాగా అర్థమైంది బాబూ. అర్థం కాకుండా ఉంటే ఇంకా బాగుండేది" అన్నాడు.

గేటు పక్కన గోడకి మా ప్రశ్నల పెట్టె ఉంది. నీలం రంగు రేకు పెట్టె. దాని మీద బోర్డు రాసింది నేనే. "పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళకు మాత్రమే. పేరు రాయవద్దు. వయసు తప్పక రాయాలి." బాబాయి ఆ బోర్డుని రోజూ తుడుస్తాడు. ఎవరైనా నడివయసువాళ్ళు చీటీ వెయ్యబోతే, "ఇది పిల్లల పెట్టె, చదువుకోలేదా?" అని కసిరేవాడు కూడా.

ఒక శుక్రవారం పెట్టె తెరిస్తే ఈ చీటీ వచ్చింది. లాయరు ఇప్పటికీ దాన్ని దాచుకుంది.

"నాకు పదిహేనేళ్ళు. నెలసరి కొన్నాళ్ళు రాలేదు. ఇప్పుడు మళ్ళీ కనిపిస్తోంది. కొంచెం కొంచెంగా, తేదీ లేకుండా. దీనికి భయపడాలా, అక్కర్లేదా? దయచేసి తొందరగా చెప్పగలరు."

రాసింది మోటారు బాబాయి. వాళ్ళావిడ కోసం.

ఇది మాకు తర్వాత తెలిసింది, మీకు ముందే చెప్పేస్తున్నాను. వాళ్ళావిడ, పిల్లలు పిన్ని అంటారు, యాభై నాలుగేళ్ళ మనిషి. ఇంట్లోనే కూర్చుని బట్టల దుకాణానికి చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఆవిడకి నెలసరి ఆగిపోయి మూడేళ్ళు దాటింది. అలాంటిది మళ్ళీ రక్తం కనిపించింది. రెండు నెలలు లోపలే కుక్కుకుని, ఇక ఉండబట్టలేక మొగుడికి చెప్పింది. చెప్పి, మీ ఆస్పత్రిలో ఒక్కరికి తెలిసినా నీ ముఖం చూడనని బెదిరించి ఒట్టు వేయించుకుంది. మొగుడు రోజూ నిలబడే గేటు, అందరూ తెలిసిన మొహాలు. ఆవిడ బాధ ఆవిడది.

ఆయన ఎవరిని అడుగుతాడు? పేరు అడక్కుండా జవాబు చెప్పేచోటు ఆయనకు తెలిసింది ఈ రేకు పెట్టె ఒక్కటే. ఇంకొకడైతే బోర్డుని పట్టించుకోకుండా యాభై నాలుగని రాసి పడేసేవాడు. మా బాబాయి రూలు తప్పుతాడా? పంతొమ్మిది దాటినవాళ్ళకు కాదంది కదా, అందుకని భార్యకు ముప్పై తొమ్మిదేళ్ళు తగ్గించి బోర్డు మాట నిలబెట్టాడు. పదిహేనేళ్ళ పిల్లకి మూడేళ్ళు నెలసరి ఆగిందంటే ఎవరైనా అనుమానిస్తారని దాన్ని "కొన్నాళ్ళు" చేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అంత చక్కగా అతికించాడు మరి.

లాయరు జవాబు రాసింది. చాలా బాగా రాసింది. ఆ వయసులో మొదటి రెండు మూడేళ్ళు నెలసరి ఇలా అటూ ఇటూ కావడం మామూలేనని, భయపడొద్దని, మూడు నెలలు తేదీలు రాసుకుని చూడమని, అప్పటికీ సర్దుకోకపోతే ఆస్పత్రికి రమ్మని. నేను చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ నర్సుని, కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు అన్న ప్రశ్న నాకు తట్టలేదు. సంతకం పెట్టాను.

శనివారం నాలుగింటికి లాయరు ఆ జవాబు చదివింది. బాబాయి లేవలేదు. కిసుక్కు పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, లేవలేదు. ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చివరి మాటదాకా విన్నాడు. ఆ తర్వాత, "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. రెండోసారీ విని, "మూడు నెలలన్నావు కదూ? భయం లేదన్నావు కదూ?" అని అడిగి, కళ్ళు తుడుచుకుని, "చల్లని మాట చెప్పావు తల్లీ" అన్నాడు.

ఆ పూట మా పిల్లల ఆనందం చూడాలి. సున్నా మోటార్లు! కిసుక్కు నోటుపుస్తకంలో సున్నా చుట్టి, దానికి కిరీటం వేశాడు. కింద కొట్టుకి పరిగెత్తి ఇంకో రెండు పాకెట్ల బిస్కెట్లు తెచ్చాడు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడంటే రాత ఎంత గొప్పగా ఉండి ఉండాలని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. లాయరు మాత్రం ఒక బిస్కెట్టు కొరికి, "సబ్బు అన్న మాటకే లేచే మనిషి, దీనికి ఎందుకు కూర్చున్నాడు సిస్టరమ్మా?" అంది. నీ రాత గొప్పదని ఒప్పుకోవడం కూడా రాదటే అని వేళాకోళం చేశాను. అప్పుడే దాని మాట విని ఉండాల్సింది.

నెలన్నర గడిచింది. ఒకరోజు సాయంత్రం లాయరు సైకిలు దిగి గేటు లోపలికి వస్తుంటే బాబాయి పిలిచాడు.

"అమ్మా, ఆ పదిహేనేళ్ళ పిల్ల ఉంది చూడు. మూడు నెలలు ఆగమన్నావు. మధ్యలోనే ఎక్కువైతే ఏం చెయ్యాలి?"

"ఆ పిల్ల మీకు తెలుసా బాబాయ్?"

బాబాయి గేటు గొళ్ళెం వైపు చూశాడు. "తెలుసు."

"ఏ క్లాసు?"

"చదువు ఆపేసింది."

"ఎప్పుడు?"

"ఐదులో."

"మరి ఇంటిదగ్గర ఏం చేస్తోంది?"

"గుండీలు కుడుతుంది. ఇల్లు చూసుకుంటుంది." అబద్ధం ఆడటం చేతకాక, "పెళ్ళయిందిలే అమ్మా" అన్నాడు.

లాయరు ఒక్క అంగలో రెండేసి మెట్లెక్కి నా దగ్గరకు వచ్చి పడింది. "పదిహేనేళ్ళ పిల్లకి పెళ్ళి చేసేశారు సిస్టరమ్మా. చదువు మాన్పించి, పని చేయిస్తున్నారు. రక్తం పోతోందట. బాబాయికి అన్నీ తెలిసి నోరు మూసుకుని కూర్చున్నాడు. పోలీసులకి చెబుదాం పదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చీటీ లేకపోతే డాక్టర్నే ఆపే మనిషి, కళ్ళెదుట ఇంత ఘోరం జరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాడా? నా మోకాళ్ళ నొప్పి సంగతి కూడా మర్చిపోయి కిందికి దిగాను. ఆయన్ని గేటు పక్క గదిలోకి పిలిచి తలుపు వేశాను. లాయరు చేతులు కట్టుకుని నా పక్కన నిలబడింది.

"పదిహేనేళ్ళ పిల్లకి పెళ్ళి చేశారా?" అన్నాను.

"సిస్టరమ్మా, అదీ..."

"అయిందా లేదా?"

"అయింది."

"ఎవరితో?"

బాబాయి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నాతోనేనమ్మా."

లాయరు ఒక అడుగు వెనక్కి వేసింది. నేను కుర్చీ కోసం చూశాను. కూర్చుని, "ఎప్పుడయింది?" అన్నాను.

"ముప్పై నాలుగేళ్ళయింది."

నేను లెక్క వేసుకునేలోపే లాయరుకి అర్థమైపోయింది. ఎర్రబడి ఉన్న పిల్ల ముఖం పాలిపోయింది. "పిన్నికి ఎన్నేళ్ళు బాబాయ్?" అని మెల్లగా అడిగింది.

"యాభై నాలుగమ్మా. బోర్డు మీద పంతొమ్మిదిలోపు అని ఉంది కదా. రూలు తప్పడమెందుకని..."

"కొన్నాళ్ళు ఆగిందని రాశారు. ఎన్నాళ్ళు?"

"మూడేళ్ళు."

మూడేళ్ళు ఆగాక, ఆ వయసులో, మళ్ళీ రక్తం కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. ఈ మాట నాకు తెలుసు, లాయరుకీ తెలుసు, పోయిన ఏడాది పెద్ద డాక్టరమ్మ మాకు పాఠం చెప్పినప్పుడు రాసుకుంది. అన్నిసార్లూ అలా అవదు, చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ గర్భసంచిలో కాన్సరుకి అది మొదటి గుర్తు కూడా కావచ్చు. అలాంటి మనిషిని మూడు నెలలు భయపడకుండా కూర్చోమని మేమే చెప్పాం. ఆయన కూర్చోబెట్టాడు. మా మాట మీద అంత నమ్మకం మరి.

"బాబాయ్, నేను తప్పు చెప్పాను" అని లాయరు అంతలోనే ఏడుపు అందుకుంది. నేను ఏడవలేదు. నాకు నా మీద కోపం వచ్చింది, ఆ కోపాన్నంతా బోర్డు మీద చూపించాను. దాన్ని మేకులతో సహా పీకి అక్కడే పడేశాను.

వాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతల. ఒక్క గది, వెనక వంటచోటు. పిన్ని నేల మీద కూర్చుని ఉంది, చుట్టూ తెల్ల చొక్కాల గుట్టలు, ఒళ్ళో గుండీల డబ్బా. వెనకాల మొగుడు, ముందు నేను, మధ్యలో ముక్కు చీదుతున్న లాయరు, అందర్నీ చూసేసరికి ఆవిడకి విషయం తెలిసిపోయింది.

"ఊరంతా చాటావా?" అంది మొగుడితో. సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. మూడుసార్లు పెట్టినా దారం ఎక్కలేదు.

నేను నర్సు భాషలో చెప్పవలసిందంతా చెప్పాను. ఆవిడ వినలేదు. ఈ వయసులో ఆ పరీక్షలేమిటంది. చొక్కాలు రేపటికి ఇవ్వాలంది. ఎవరు చూస్తారో, ఏమనుకుంటారో అంది. అప్పుడు లాయరు ఆవిడ ముందు చతికిలబడి, "పిన్నీ, ఆ జవాబు రాసింది నేనే. నీకేమైనా అయితే నేను జన్మలో పెన్ను పట్టుకోను" అని వెక్కివెక్కి ఏడ్చింది. వాదనలో దాన్ని గెలిచినవాళ్ళు లేరంటే, ఇదీ వాదనే అనుకుంటాను. పిన్ని కాసేపు చూసి, చొక్కా అంచుతో దాని ముఖం తుడిచి, "దుకాణం చొక్కా తడిపేశావు కదే. సరే, వస్తాను. ముందు నువ్వు ఏడుపు ఆపు" అంది.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ గదిలో నేనూ ఉన్నాను. డాక్టరమ్మ ఏమిటి ఇబ్బంది అని అడిగితే పిన్ని పైన ఫ్యాను వైపు చూసి, "ఒంట్లో నలతగా ఉందండీ" అంది. ఇంకేమైనా ఉందా అంటే లేదంది. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు బాబాయి నోరు తెరిచాడు.

"నలత కాదండీ. మా ఆవిడకి నెలసరి ఆగిపోయి మూడేళ్ళ నాలుగు నెలలు. నాలుగు నెలల నుంచి మళ్ళీ రక్తం పోతోంది. మొదట్లో మరకలు. పదకొండో తారీఖు నుంచి ఎక్కువైంది, రోజుకి రెండు మూడు గుడ్డలు తడుస్తున్నాయి. పొత్తికడుపులో నొప్పి ఉంది, రాత్రిళ్ళు ఎక్కువ. నాతో చెప్పదు గానీ నాకు తెలుసు."

గేటు దగ్గర మాట్లాడే గొంతుతోనే చెప్పాడు. ఆయనకు ఇంకో గొంతు లేదు. బయట బెంచీ మీద కూర్చున్న పన్నెండు మందీ విన్నారు. చెవులు ఎర్రబడ్డాయి, చెమటలు పట్టాయి, అయినా ఆగలేదు, మాటలు మింగలేదు, "అదీ ఇదీ" అనలేదు. పిన్ని చేతుల్లో ముఖం దాచుకుంది. నిజం చెప్పొద్దూ, నేను ఆ మనిషిని ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును, ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన గౌరవం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

పరీక్ష చేశారు, స్కానింగు తీశారు, చిన్న ముక్క తీసి పెద్ద ఆస్పత్రికి పంపారు. ఫలితం రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ లాయరు పైకి రాలేదు. సైకిలు స్టాండు వేసి గేటు దగ్గర స్టూలు మీద బాబాయి పక్కన కూర్చునేది. చీటీ లేనివాళ్ళు లోపలికి వెళ్ళిపోతున్నా బాబాయి పట్టించుకోలేదు. కిసుక్కు టీ తెచ్చి ఇచ్చేవాడు, నవ్వకుండా.

కాన్సరే. కానీ ఇంకా గర్భసంచి లోపలి పొరలోనే ఉంది, బయటికి పాకలేదు. గర్భసంచి తీసేశారు. వేరే వైద్యం అక్కర్లేదు, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నారు. పెద్ద డాక్టరమ్మ నన్నూ లాయర్నీ గదిలోకి పిలిచి, "ఇంకో ఆర్నెల్లు ఆగి వచ్చి ఉంటే నేను మీకు ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు" అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత సంచికలో సవరణ వెయ్యాలన్నాం. వేరే పత్రికలకు సవరణ వెయ్యడం నామోషీ, మావాళ్ళకి తలనొప్పి అయింది. ప్రశ్న ఎవరిదో చెప్పకూడదన్నది పత్రిక మొదటి మాట. పదిహేనేళ్ళ పిల్లకి యాభై నాలుగేళ్ళని వేస్తే రాసిందెవరో ఆరా తీస్తారని కిసుక్కు అన్నాడు. వెయ్యకపోతే, అలాగే వయసు తగ్గించి రాసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ గతేమిటని లాయరు అంది. రెండు శనివారాలు కొట్టుకుని చివరికి ఇలా వేశారు: "మేము ఇచ్చిన జవాబు పదిహేనేళ్ళవాళ్ళకే చెల్లుతుంది. నెలసరి ఆగి ఏడాది దాటిన పెద్దవాళ్ళకు మళ్ళీ రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకి చూపించండి. మీ అమ్మని, అమ్మమ్మని అడగండి. అడిగితే తప్పేంటి. ఎన్నాళ్ళు ఆగిందో మేము అడగలేదు, ఆ తప్పు మాది." కింద నా సంతకం కూడా వెయ్యమన్నాను. పెట్టె మీద కొత్త బోర్డులో వయసుకి హద్దు తీసేశాం. మీ అసలు వయసు రాయండి, ఎంతైనా ఫరవాలేదని రాశాం.

రెండు నెలలకి, ఒక శనివారం, మెట్ల మీద నెమ్మదైన అడుగుల చప్పుడు వినిపించింది. పిన్ని. ఒక్కో మెట్టుకీ ఆగి ఆగి ఎక్కి వచ్చింది. వెనకాలే బాబాయి, పడితే పట్టుకుందామని రెండు చేతులూ చాచుకుని. ఆవిడ బాబాయి కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, పిల్లల్ని ఒకసారి కలియజూసింది.

"మీ పత్రికలో పదిహేనేళ్ళ పిల్ల నేనేనట కదా" అంది. "పెళ్ళిచూపులప్పుడు కూడా ఈయన నన్ను ఇంత చిన్నపిల్లని అనుకోలేదు."

అందరూ నవ్వారు. కిసుక్కు ఎన్నాళ్ళకో కిసుక్కుమన్నాడు. లాయరు మాత్రం కిటికీ దగ్గరే నిలబడింది.

"నువ్వేనే, ఇలా రా. నాకు రాసిన జవాబు ఏదీ? చదువు."

"వద్దు పిన్నీ. అది తప్పు జవాబు."

"తప్పో ఒప్పో, నాకు రాసింది. ఈయన వచ్చి ముక్కలు ముక్కలుగా చెప్పాడు గానీ నేను మొత్తం వినలేదు. చదువు."

లాయరు పాత సంచిక తీసి, గొంతు సవరించుకుని చదివింది. "నీకు భయంగా ఉందని తెలుసు. ఇది నీ ఒక్కదానికే కాదు, నీ వయసులో చాలామందికి ఇలాగే అవుతుంది. నీలో లోపమేమీ లేదు. నువ్వేమీ తప్పు చెయ్యలేదు. తేదీలు రాసుకో. ఇంట్లో నువ్వు నమ్మే ఒక్కరికి చెప్పు. ఎవరూ లేకపోతే మాకు చెప్పు."

పిన్ని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నాకు నిజంగా పదిహేనేళ్ళప్పుడు ఇలాగే అయింది" అంది చివరికి. "రెండు నెలలు రాలేదు. వచ్చింది, వచ్చి ఆగలేదు. చచ్చిపోతున్నాననుకున్నా. ఎవర్నడగాలో తెలీదు. నేను పోయాక మా చెల్లి వేసుకుంటుందని నా గౌన్లన్నీ ఉతికి మడతపెట్టి పెట్టా. ఒకదానికి గుండీ ఊడిపోతే అదీ కుట్టి పెట్టా. ఎన్నిరోజులు అలా ఎదురుచూశానో."

బాబాయికి కూడా ఈ సంగతి తెలియదని ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

"బాగా రాశావే" అంది పిన్ని. "ఇంకోసారి చదువు. ఆ, నువ్వేమీ తప్పు చెయ్యలేదు, అన్నచోటి నుంచి."